ఇంజిన్ భాగాలకు పెర్ఫార్మెన్స్ కోటింగ్: ఎంచుకోవడం, కొలవడం, వేయడం

ఇంజిన్ విప్పి భాగాలన్నీ టేబుల్ మీద పరిచాక, ఎలాగూ విప్పాం కదా, వీటికి కోటింగ్ కూడా వేసేద్దాం అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వెంటనే డబ్బా కొనేస్తారు. నా మాట వింటే డబ్బా చివర్లో కొనండి, ముందు మైక్రోమీటర్ బయటికి తీయండి. ఈ పనిలో స్ప్రే గన్ చేతిలో ఉండేది పది నిమిషాలే. మిగతా రెండు రోజులూ కడగడం, మూయడం, కొలవడం. పెచ్చులూడిన కోటింగులు చాలా చూశాను. తప్పు దాదాపు ప్రతిసారీ ఆ రెండు రోజుల పనిలోనే దొరికింది.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. కోటింగ్ వేసినంత మాత్రాన హార్స్‌పవర్ అమాంతం పెరగదు. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ ఇంకా అందనప్పుడు బేరింగ్‌ను కాపాడటం, పిస్టన్ గోడకు రాసుకుపోకుండా చూడటం, బానెట్ కింద వేడి తగ్గించడం లాంటి పనులు మాత్రం బాగా చేస్తుంది. ఆ లాభం చాలనుకుంటేనే మొదలుపెట్టండి.

ఏ భాగానికి ఏది

ఇంజిన్‌లో మనకు పనికొచ్చే కోటింగులు మూడు రకాలు: వేడిని అడ్డుకునేవి, రాపిడి తగ్గించేవి, వేడినీ ఆయిల్‌నూ త్వరగా వదిలించుకునేవి. ఒకటి వేయాల్సిన చోట ఇంకోటి వేస్తే లాభం మాట అటుంచి నష్టం వస్తుంది.

వేడిని అడ్డుకునే థర్మల్ బారియర్‌ను పిస్టన్ క్రౌన్ (పై ముఖం) మీద, హెడ్‌లోని కంబషన్ చాంబర్‌లో, వాల్వు తలకు మంట తగిలే వైపు, ఎగ్జాస్ట్ పోర్టులో వేస్తారు. దీని బలమంతా సిరామిక్‌లో ఉంది. జిర్కోనియానే తీసుకుంటే, పిస్టన్ అల్యూమినియం మోసుకుపోయే వేడిలో 50వ వంతు కూడా అది పోనివ్వదు. అలాగని మందంగా పూస్తే ఇంకా మంచిదనుకోకండి. 1980ల్లో అమెరికా సైన్యంతో కలిసి కమిన్స్ సంస్థ కూలింగ్ అవసరం లేని డీజిల్ ఇంజిన్ కోసం మందపాటి సిరామిక్‌తో చాలా ప్రయత్నించింది. ఇలాంటి ఇంజిన్లలో ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, గోడలు ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి. లోపలికి వచ్చే గాలి కూడా వేడెక్కి పలచబడుతుంది, సిలిండర్‌లోకి అందే గాలి తగ్గుతుంది. 2015లో టయోటా తన జీడీ డీజిల్ ఇంజిన్ పిస్టన్లకు వేరే దారి పట్టింది. సిలికాతో గట్టిపరిచిన, సన్నని రంధ్రాలున్న అనోడైజ్డ్ పొర వేసింది. అది మంటతో పాటు చప్పున వేడెక్కి, గాలి లోపలికి వచ్చేసరికి చప్పున చల్లారుతుంది. మనం స్ప్రే చేసేది ఈ రెండూ కాదు, 25 నుంచి 50 మైక్రాన్ల పలుచని పొర (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). దాని నుంచి ఆ స్థాయికి తగ్గ ఫలితమే ఆశించాలి.

రాపిడి తగ్గించేదాన్ని డ్రై ఫిల్మ్ లూబ్రికెంట్ అంటారు. మాలిబ్డినం డైసల్ఫైడ్, గ్రాఫైట్, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్)లలో ఒకటో రెండో పాలిఅమైడ్ ఇమైడ్ లాంటి రెసిన్‌లో కలిపి ఉంటాయి. పిస్టన్ స్కర్టులు (పిస్టన్ కింది పక్క గోడలు), బేరింగ్ షెల్స్ (క్రాంక్ చుట్టూ ఉండే సగం గుండ్రటి లోహపు చిప్పలు) దీని అసలు చోట్లు. పీటీఎఫ్‌ఈ 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలుపెడుతుంది, కాబట్టి క్రౌన్ దరిదాపులకు దాన్ని తీసుకెళ్లకూడదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ గాలిలో 350 డిగ్రీల వరకు తట్టుకుంటుంది.

మూడో రకం సంప్, వాల్వ్ కవర్ లోపలి వైపు, క్రాంక్ కౌంటర్ వెయిట్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ లాంటి చోట్ల వేస్తారు. రేసింగ్ ఇంజిన్ కాకపోతే దీన్ని వదిలేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇంట్లో అసలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. రింగుల అంచులు, సిలిండర్ బోర్, వాల్వు సీటుకు ఆనే అంచు, మరలు, ఆయిల్ దారులు. వాల్వు తలకు తగిలిన వేడిలో ఎక్కువ భాగం సీటు గుండానే బయటికి పోతుంది. అక్కడ కోటింగ్ వేస్తే మన చేత్తో మనమే ఆ దారి మూసినట్టు. బోర్లకు వేసే నికాసిల్, మాలే సంస్థ 1967లో వాంకెల్ ఇంజిన్ కోసం తయారుచేసినది, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి చేసే ఎలక్ట్రోప్లేటింగ్. ఆపైన డైమండ్ హోనింగ్ (వజ్రపు రాళ్లతో సాన పట్టడం) చేయాలి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గజన్ పిన్నులకు వేసే డీఎల్‌సీకి (వజ్రం లాంటి కార్బన్ పొర) వాక్యూమ్ చాంబర్ కావాలి. ఈ రెండూ ప్లాంట్లకు పంపాల్సిన పనులు.

మొదటిసారి చేస్తున్నవాళ్లు పిస్టన్ స్కర్టులతో మొదలుపెట్టండి. పొర సరిగ్గా పట్టకపోతే కళ్లకు కనిపిస్తుంది, తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. క్రౌన్, చాంబర్ తర్వాత చూడొచ్చు. బేరింగులు మాత్రం చెయ్యి కుదిరాకే.

మెటీరియల్ వెతకడం, షాపును ఎంచుకోవడం

డబ్బా మీద "సిరామిక్" అని రాసి ఉన్నంత మాత్రాన అది థర్మల్ బారియర్ అయిపోదు. సైలెన్సర్లకు కొట్టే సిలికాన్ రెసిన్ పెయింటుకూ ఆ పేరు పెట్టి అమ్ముతారు. అది 600 డిగ్రీల వరకు రంగు నిలుపుతుందేమో కానీ వేడిని ఆపదు. అందుకే కొనేముందు టెక్నికల్ డేటా షీట్ అడగండి. అందులో వేయాల్సిన మందం, క్యూరింగ్ (పొర గట్టిపడటం) వేడి, క్యూరింగ్ సమయం, తట్టుకునే గరిష్ట వేడి, ఏ లోహానికి సరిపోతుంది, ఉపరితలం ఎలా సిద్ధం చేయాలి, డబ్బా ఎన్ని నెలలు నిలవ ఉంటుంది అన్నవి రాసి ఉండాలి. షీట్ ఇవ్వని చోట కొనకండి, ధర ఎంత తక్కువైనా సరే. షీట్ లేకపోతే ఓవెన్‌ను ఎంత వేడిలో పెట్టాలో కూడా మనకు తెలియదు.

సేఫ్టీ డేటా షీట్ కూడా తెచ్చుకోండి. అందులో ఐసోసయనేట్ అన్న మాట కనిపిస్తే ఆ మెటీరియల్ ఇంట్లో స్ప్రే చేయొద్దు. మామూలు కార్ట్రిడ్జ్ మాస్కును నమ్ముకునే పని కాదది, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. ఐసోసయనేట్ వల్ల వచ్చే ఆస్తమా ఒకసారి అంటుకుంటే వదలదు.

క్యూరింగ్ వేడి విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పిస్టన్లకు వాడే 4032, 2618 మిశ్రమాలను 170–200 డిగ్రీల మధ్య చాలా గంటలు ఉంచి గట్టిపరుస్తారు. అంతకు మించిన వేడిలో ఉంచితే ఆ గట్టిదనం పోతుంది. కాబట్టి పిస్టన్ మీద 250 డిగ్రీల్లో క్యూర్ అయ్యే మెటీరియల్ ఎంత గొప్పదైనా మనకు వద్దు. బేరింగుల మీద ఉండే తగరం 232 దగ్గర కరిగే లోహం, కాబట్టి వాటికి 150 దగ్గర క్యూర్ అయ్యేదే తీసుకోవాలి. ఓవెన్ అందుబాటులో లేనివాళ్లకు గాలిలోనే ఆరే రకాలున్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు వాడే సెరాకోట్ సీ సిరీస్ అలాంటిదే. సుమారు 980 డిగ్రీల వరకు తట్టుకుంటుందని తయారీదారు చెప్పే ఆ పొర పూర్తిగా గట్టిపడటానికి ఐదు రోజులు పడుతుంది.

పని బయట చేయిస్తున్నా ఈ ప్రశ్నలే అడగండి. మందం దేనితో కొలుస్తారు, కొలత రాసిస్తారా, రింగు గాడులను ఎలా మూస్తారు, బ్లాస్టింగ్ (గాలితో రజను కొట్టి గరుకు చేయడం) తర్వాత ఎలా కడుగుతారు? చివరి ప్రశ్న నా అనుభవం నుంచి వచ్చింది. ఒకచోట వేయించిన పిస్టన్లు చూడముచ్చటగా తిరిగొచ్చాయి. బిగించేముందు ఎందుకో ఒకదాన్ని తెల్ల కాగితం మీద బోర్లించి చెక్క పిడితో నెమ్మదిగా తట్టాను. ఆయిల్ రింగు గాడి వెనక ఉండే చిన్న రంధ్రాల్లోంచి బూడిద రంగు రజను రాలింది, చిటికెడు ఉంటుంది. అల్యూమినియం ఆక్సైడ్ రజను అది, సానరాయికి వాడే సరుకు. ఆ చిటికెడు ఆయిల్‌లో కలిసి ఉంటే బేరింగులన్నీ పోయేవి. అప్పటి నుంచి ఎవరు చేసినా, నేనే చేసినా, కాగితం మీద తట్టకుండా ఏ పిస్టనూ బిగించను.

ముందు కొలతలు

ప్రతి భాగాన్నీ కోటింగ్‌కు ముందే కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. భాగం, లోపలికి వెళ్లే సిలిండర్ నంబరు, కొలిచిన చోటు, వచ్చిన కొలత. పిస్టన్ వ్యాసాన్ని తయారీదారు చెప్పిన ఎత్తులోనే, పిన్నుకు అడ్డంగా కొలవాలి. స్కర్ట్ నిలువునా ఒకే వ్యాసం ఉండదు, నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిగినా కొలత మారిపోతుంది.

ఈ లెక్క ఎందుకో చూడండి. స్కర్ట్ కోటింగ్ మామూలుగా 10 నుంచి 20 మైక్రాన్లు. ఒక వైపు 15 వేస్తే రెండు వైపులా కలిపి పిస్టన్ 30 మైక్రాన్లు లావైనట్టు, గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు అంత తగ్గినట్టు. బేరింగ్ దగ్గర ఇది ఇంకా సున్నితం. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో వెయ్యో వంతు క్లియరెన్స్ (సందు) ఉండాలన్నది పాత మెకానిక్కుల లెక్క, అంటే 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు 50 మైక్రాన్లు. పై షెల్‌కు 6, కింది షెల్‌కు 6 మైక్రాన్లు వేస్తే 12 పోయాయి, ఉన్నదాంట్లో దాదాపు పావు వంతు. ముందే ఆ మేరకు సందు ఎక్కువ పెట్టుకుని ఉండాలి, లేదంటే ఒక సైజు తేడా ఉన్న షెల్స్ తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీ నుంచే కోటింగ్‌తో వచ్చే బేరింగుల్లో ఈ లెక్క వాళ్లే చూసుకుని ఉంటారు, వాటి మీద మళ్లీ కొట్టకండి.

స్కర్టులకు అబ్రేడబుల్ అనే ఇంకో రకం ఉంది. అది కావాలనే మందంగా ఉంటుంది, నడిచేకొద్దీ బోర్ ఆకారానికి తగ్గట్టు అరుగుతుంది. దాని క్లియరెన్స్ లెక్కే వేరు, తయారీదారు ఇచ్చిన పట్టికనే పాటించండి. మామూలు డ్రై ఫిల్మ్‌ను అదే అనుకుని బిగుతుగా వేస్తే పిస్టన్ పట్టేస్తుంది.

జిడ్డు వదిలించడం

నడిచిన ఇంజిన్ భాగమైతే మసి, కార్బన్ ముందు పోవాలి. వేడి నీళ్లు, డిటర్జెంట్, నైలాన్ బ్రష్‌తో మొదలుపెట్టండి. అల్యూమినియానికి కాస్టిక్ ఉన్న క్లీనర్లు వద్దు, లోహాన్నే తినేస్తాయి. ఆరాక అసిటోన్‌తో తుడవండి. ప్రతిసారీ కొత్త గుడ్డ ముక్క తీసుకోండి, వాడిన గుడ్డతోనే తుడిస్తే జిడ్డు చోటు మారుతుందే తప్ప పోదు. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు వాడొద్దు. అది మిగిలిపోయిన భాగాన్ని వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

పోత పోసిన అల్యూమినియం పైకి శుభ్రంగా కనిపించినా దాని సన్నని రంధ్రాల్లో ఆయిల్ దాగి ఉంటుంది. అసిటోన్ పూర్తిగా ఆవిరయ్యాక భాగాన్ని ఓవెన్‌లో 150 డిగ్రీల్లో గంటసేపు ఉంచండి. తీసి చూస్తే అక్కడక్కడ పసుపు రంగు మచ్చలు తేలతాయి. మళ్లీ తుడవండి, మళ్లీ వేడి చేయండి. మచ్చలు తేలడం ఆగేవరకు ఇదే పని. హెడ్‌కు మూడు సార్లు చేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

మూయడం, గరుకు చేయడం

కోటింగ్ పడకూడని చోటల్లా మూయాలి. రింగు గాడులు, వాటి మధ్య అంచులు, పిన్ రంధ్రం, ఆయిల్ రంధ్రాలు. ఓవెన్ వేడికి తట్టుకునే పాలిస్టర్ టేప్ లేదా కాప్టన్ టేప్, రంధ్రాలకు సిలికాన్ ప్లగ్గులు వాడండి. మామూలు పేపర్ టేప్ బ్లాస్టింగ్‌కే చిరిగిపోతుంది. గాడుల్లో పాత రింగునే పెట్టి పైన టేప్ చుడితే అంచు చక్కగా వస్తుంది.

బ్లాస్టింగ్‌కు 120 నుంచి 180 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్, కొత్తది, రెండు బార్ల ప్రెషర్ దగ్గర చాలు. గాజు పూసలు వాడకండి. అవి గుండ్రంగా ఉండి లోహాన్ని నున్నగా కొడతాయి, పొర పట్టుకోవడానికి కావాల్సిన గరుకు రాదు. మామూలు ఇసుక అసలే వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. నాజిల్ ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండండి. మెరుపు పోయి బూడిద రంగు సమంగా పరుచుకుంటే చాలు. బేరింగ్ షెల్స్‌ను మాత్రం బ్లాస్ట్ చేయకూడదు. మెత్తటి లోహంలో గ్రిట్ దిగబడి అక్కడే ఉండిపోతుంది. షీట్‌లో చెప్పిన విధంగా సన్నని స్కాచ్ బ్రైట్‌తో మెల్లగా రుద్దితే సరిపోతుంది.

తర్వాత టేపులు, ప్లగ్గులు తీసి గాలితో ఊది, వేడి సబ్బు నీళ్లతో కడిగి, తెల్ల కాగితం పరీక్ష చేయండి. ఆపైన నీళ్ల పరీక్ష. భాగం మీద శుభ్రమైన నీళ్లు పోసి ఏటవాలుగా పట్టుకోండి. నీరు ఎక్కడా విడిపోకుండా ఒకే పలుచని పొరలా జారితే జిడ్డు లేదు. తామరాకు మీద లాగా బొట్లు కట్టిందంటే అక్కడ ఇంకా నూనె ఉన్నట్టే, ఆ చోట కోటింగ్ నిలవదు. వెనక్కి వెళ్లి మళ్లీ జిడ్డు వదిలించండి.

ఇక్కడి నుంచి వట్టి చేత్తో ముట్టుకోకండి. నేను మొదట్లో చేసిన ఒక పిస్టన్ స్కర్ట్ మీద పొర బొటనవేలి ముద్రంత మేర లేచొచ్చింది. కారణం వెతికితే సరిగ్గా అదే, గ్లవ్ తీసి పట్టుకున్న చోటు. ఆరాక కొత్త టేప్ వేసి అదే రోజు, వీలైతే గంటలోపే కోటింగ్ కొట్టేయండి.

స్ప్రే

డబ్బా అడుగున బరువైన రేణువులు పేరుకుని ఉంటాయి. పుల్లతో అడుగంతా గీకి కలపండి, తర్వాత బాగా ఊపండి, తర్వాత సన్నని జాలీలో వడకట్టండి. ఊపడం ఒక్కటే చాలనుకుంటే మొదటి పిస్టన్‌కు రెసిన్, చివరి పిస్టన్‌కు రేణువులు వెళ్తాయి. కొట్టే మధ్యలో కూడా గన్ కప్పును కదుపుతూ ఉండండి.

చిన్న భాగాలకు ఎయిర్‌బ్రష్, పెద్దవాటికి సన్న నాజిల్ ఉన్న హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో కొట్టే) గన్ వాడండి. కంప్రెసర్ లైన్‌లో చెమ్మ, నూనె పట్టే ఫిల్టర్ తప్పనిసరి. అది లేకపోతే తడి గోడకు సున్నం కొట్టినట్టే. ఫిల్టర్ ఉన్నా మొదట ఖాళీ గాలిని ఒక అద్దం మీద పది సెకన్లు ఊది చూడండి. అద్దం మసకబారితే కొట్టడం ఆపి లైన్ సరిచేయండి.

భాగాన్ని చేతికి గోరువెచ్చగా తగిలేంత, 40 డిగ్రీల దగ్గర, వేడి చేస్తే పొర జారదు. సుమారు 15 సెంటీమీటర్ల దూరం నుంచి, భాగం అంచు దాటాక మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక ఆపుతూ పలుచగా కొట్టండి. తడి మెరుపు కనిపించీ కనిపించనట్టు ఉండాలి. పొడిపొడిగా పడితే దూరం ఎక్కువైంది, కారితే చేయి నెమ్మదైంది. అసలు భాగాల కంటే ముందు, అదే విధంగా కడిగి బ్లాస్ట్ చేసిన అల్యూమినియం ముక్క మీద ఎన్ని పాస్‌లకు ఎన్ని మైక్రాన్లు వస్తున్నాయో చూసుకోండి. ఈ ముక్కను పారేయకండి, ఓవెన్ తర్వాత దీనితో పని ఉంది. ఆవిరులకు, రేణువులకు రెండింటికీ పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, గాలి బయటికి లాగే ఫ్యాన్ లేకుండా మొదలుపెట్టొద్దు.

ఓవెన్

వంటకు వాడే ఓవెన్‌లో ఇవి పెట్టకూడదు, ఒకసారి పెడితే అది ఇక వంటకు పనికిరాదు. ఓవెన్ చూపించే అంకె గాలి వేడి మాత్రమే. మందపాటి పిస్టన్ ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగ) లోహానికే తగిలించి, లోహం షీట్‌లో చెప్పిన డిగ్రీలకు చేరాక గడియారం చూడటం మొదలుపెట్టండి. "గంటసేపు పెట్టాను, అయినా గోరుతో గీకితే లేచింది" అనేవాళ్ల విషయంలో చాలాసార్లు జరిగేది ఇదే. కొట్టిన వెంటనే లోపల పెట్టకండి. ముందు బయట ఆరనివ్వాలి, లేకపోతే సాల్వెంట్ ఆవిరి ఓవెన్‌లో చేరి అంటుకుంటుంది. చల్లార్చడం కూడా తలుపు మూసి నెమ్మదిగానే. నీళ్లు చల్లడం, ఫ్యాన్ పెట్టడం వద్దు.

చల్లారాక ఆ అల్యూమినియం ముక్క మీద బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గళ్లు గీసి, గట్టి టేప్ అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు అలాగే ఉంటే పట్టు బాగుంది. టేప్‌కు పెచ్చులు అంటుకుని వస్తే అసలు భాగాల మీద కూడా అదే పరిస్థితి, మొహమాటపడకుండా మొత్తం తీసేసి మళ్లీ చేయండి.

కొలిచి, బిగించి, నడిపి

ముందు కొలిచిన చోట్లలోనే మళ్లీ కొలవండి. ఎక్కువైతే డ్రై ఫిల్మ్‌ను సన్నని స్కాచ్ బ్రైట్‌తో రుద్ది తగ్గించవచ్చు. స్టీల్ ఊల్ వాడకండి, దాని పోగులు ఇంజిన్‌లోకి వెళ్తాయి. బేరింగులను మెయిన్ క్యాప్ పూర్తి టార్క్‌కు బిగించి ప్లాస్టిగేజ్‌తోనో (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే ప్లాస్టిక్ పోగు) బోర్ గేజ్‌తోనో సందు చూడండి. రింగులు గాడుల్లో వాటి బరువుకే జారాలి, ఎక్కడైనా తట్టితే అక్కడికి కోటింగ్ పాకినట్టు. కోటింగ్ ఉంది కదా అని అసెంబ్లీ లూబ్ మానకండి.

క్రౌన్‌కు, చాంబర్‌కు థర్మల్ బారియర్ వేసి ఉంటే పాత ఇగ్నిషన్ టైమింగ్‌నే గుడ్డిగా నమ్మకుండా, నాక్ వినిపిస్తోందేమో చూస్తూ మళ్లీ సెట్ చేసుకోండి. ఆ నాక్‌కు కారణమైన డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) కోటింగ్‌ను సుత్తితో కొట్టినట్టు పగలగొడుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు కోటింగ్ ఉంటే, కొత్తగా కట్టిన ఇంజిన్‌ను మొదట పాత మానిఫోల్డ్‌తో నడిపి, మిశ్రమం, టైమింగ్ కుదిరాక కొత్తది బిగించండి. సరిగ్గా ట్యూన్ కాని ఇంజిన్ ఎగ్జాస్ట్ వేడి కొత్త పొరను మొదటి రోజే మాడ్చేస్తుంది. టర్బో ఉన్న ఇంజిన్ అయితే మానిఫోల్డ్ లోపలి వైపు వేయకండి, ఊడిన పెచ్చు నేరుగా టర్బైన్ రెక్కలకు తగులుతుంది.

మొదటి ఆయిల్ మార్పు త్వరగా చేయండి. తీసిన ఫిల్టర్‌ను కోసి, లోపలి మడతల కాగితాన్ని విప్పి ఎండలో పెట్టి చూడండి. సన్నని బూడిద రంగు పూత మామూలే. నల్లటి పలుచని రేకుల్లాంటివి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేవి కనిపిస్తే అది స్కర్ట్ కోటింగ్, మెరిసే పలుకులైతే బేరింగ్ లోహం. రెండో రకం కనిపిస్తే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి. మొదటిదైతే రేకులు ఎన్నో లెక్కపెట్టి, తేదీతో సహా అదే నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి ఫిల్టర్‌లో అవి తగ్గాయో పెరిగాయో చూసి, విప్పాలా నడపాలా అన్నది తేల్చుకోండి.